ఆఖరి ఇంట్ల కూసునే సాబ్

మొన్న మా ఇంటి ముంగటి కరెంటు కంబం తీసేసిన్రు. ఎయిర్‌పోర్టు తోవ ఇంకా వెడల్పు చేస్తున్నరట, మా గల్లి మూల మీద సున్నంతోటి గీతలు గీసి పోయిన్రు. తెల్లారి ఒక క్రేను, నలుగురు మనుషులు దిగిన్రు. నేను అరుగు మీద కూసోని చూస్తున్న. ఆ కంబం ఇప్పటి సిమెంటు కంబం కాదు. పాత రైలుపట్టాను నిలబెట్టి నాటింది. క్రేను ఎంత గుంజినా అది జరంత కూడ కదలలె. లైన్‌మన్ చెమట తుడుసుకుంట నా దిక్కు తిరిగిండు.

"అవ్వా, ఎవరు నాటిన్రు దీన్ని? భూమిల ఎంత లోతుకు పోయిందో అర్థమైతలేదు" అన్నడు.

"నాటిచ్చినాయన గట్లాంటోడు బిడ్డా. గుంత తవ్వినంక ఆయనే లోపటికి దిగి నిలబడేటోడు. గుంత ఆయన ఛాతి దాక రాకపోతె పైకి వచ్చేటోడు కాదు" అన్న.

లైన్‌మన్ నవ్విండు. ముసల్ది ఏదో చెప్తున్నదనుకున్నడు. అనుకోని. ఇప్పుడు మా ఊర్ల ఆయనను చూసినోళ్ళు నేను తప్ప ఎవరున్నరు?

ఆయన పేరు మా ఊర్ల ఎవ్వరం పలికేటోళ్ళం కాదు. సాబ్ అంటె ఆయనే. తహశీల్ సాబ్ వచ్చినా, పోలీసు సాబ్ వచ్చినా ముంగట ఇంకో మాట తగిలిచ్చి చెప్పాలె. ఉత్తగ సాబ్ అన్నమంటె కరెంటు సాబ్. కరెంటు మహకమాల, అంటె కరెంటు శాఖల, పెద్ద కుర్చీ ఒకటి ఉంటె, దాని పక్క కుర్చీ ఆయనది. పట్నంల ఆయన కింద ఎంత మంది ఇంజనీర్లు ఉండెనో, ఎన్ని కార్ఖానలకు ఆయన దస్కతుతోటి కరెంటు పోతుండెనో నాకు తెల్వది. నాకు తెల్సిన సాబ్ మా నులక మంచం మీద కూసోని ఎల్లిపాయ కారం తోటి జొన్నరొట్టె తినేటాయన. మీకు చెప్పేది కూడ ఆ సాబ్ గురించే.

అది దునియా అంత కొట్టుకున్న లడాయి కాలం. నాకు పెండ్లై ఎన్నో ఏండ్లు కాలే. మాకు ఇంటి ముంగటి అర్రల పిండిగిర్ని ఉండె. నూనె ఇంజన్ తోటి నడిచేది, దగ్గుకుంట దగ్గుకుంట నడుస్తుండె ముసలోని లెక్క. లడాయి వచ్చినంక నూనె దొరకకుండ పోయింది. గిర్నికి తాళం పడ్డది. ఊర్ల ఆడోళ్ళందరు మళ్ళ ఇసుర్రాయి ముంగటేసుకున్నరు. మా ఆయన పొద్దంత గిర్ని గడప మీద కూసోని, అంటియ్యని బీడీ నోట్ల పెట్టుకోని తోవ దిక్కు చూస్తుండె. ఆ మనిషిని గట్ల చూడలేక నేను ఇసుర్రాయి కాడికి పోయేదాన్ని. మా ఇల్లు ఊరికి ఆఖర్ల ఉంటది. బజారు, చావడి అంత ఆ చివరకు, రైల్ స్టేషన్ తోవల ఈ చివరకు మేము. మా తర్వాత చేన్లే. ఇప్పుడు విమానాలు దిగేది ఆ దిక్కునే.

ఒకనాడు పగటీలి ఒకాయన నల్ల షేర్వాణీ తొడిగి, ఎర్ర రూమీ టోపీ పెట్టుకోని, చేతిల గొడుగు పట్టుకోని నడుసుకుంట మా ఇంటికొచ్చిండు. రాంగనే మంచం మీద కూసున్నడు. మా ఆయన ఆయనను చూసి, పాపం రైలు తప్పిపోయిన బాటసారి అనుకున్నడు.

"రైలు ఎల్లిపోయింది సాబ్. ఇగ రేపు పొద్దుగాలనే. ఆకలైతున్నదా?" అని అడిగిండు.

"అయితున్నది" అన్నడాయన.

రొట్టె పెట్టిన. తిన్నడు. ఇంకోటి అడిగిండు, పెట్టిన. ఇంతల పటేలు ఇంటి నుంచి మనుషులు ఉరుక్కుంట వచ్చిన్రు. అక్కడ కుర్చీ ఏసి, షర్బత్ కలిపి, పొద్దటి నుంచి కరెంటు మహకమా పెద్దమనిషి కోసం ఎదురుచూస్తున్నరట. ఆయనేమో కారు సడక్ మీద ఆపి, పటేలు ఇంటి ముంగట నుంచే నడుసుకుంట మా ఇంటికొచ్చి రొట్టెలు తింటున్నడు. మా ఆయన మొఖం చూడాలె అప్పుడు.

"సాబ్, తప్పైంది, గుర్తు పట్టలె" అన్నడు.

"ఏం తప్పు? రొట్టె మంచిగున్నది. నేను ఏ ఊరికి పోయినా ముందు ఆఖరి ఇంటికే పోత సేట్" అన్నడు సాబ్. "మొదటి ఇంట్ల దీపం ఎప్పుడన్నా మంచిగనే ఎలుగుతది. ఆఖరి ఇంట్ల కూసుంటె తెలుస్తది లైన్ సంగతి."

ఒక మూతపడ్డ గిర్ని, ఒక మేక తప్ప ఏం లేని మా ఆయనను ఆయన సేట్ అన్నడు. నన్ను సేటమ్మ అన్నడు. ఆనాటి నుంచి ఊరంత గదే పేరు పట్టుకున్నది. ఇప్పటికి కూడ పింఛను ఆఫీసుల నా అసలు పేరు పిలుస్తె నేను పలుకత లేను.

తెలుగు ఆయనకు మంచిగ వచ్చు. చిన్నప్పుడు సాకిన దాది ఇటు దిక్కుదట, ఆమె నేర్పింది. అందుకే ఆయన తెలుగు మాట్లాడితె ఆడోళ్ళ లెక్క మాట్లాడేటోడు. "ఏందమ్మా సూడు" అనుడు, బుగ్గ మీద చెయ్యి పెట్టుకునుడు. నవ్వొస్తుండె. అంత పెద్ద ఆఫీసరు ముంగట నవ్వుడెట్ల అని నేను లోపటికి పోయి నవ్వేదాన్ని.

ఆఖర్ల కూసునుడు ఆయనకు కరెంటు కాడనే కాదు, అంతట అలవాటు. మా ఆడిబిడ్డ లగ్గానికి పిలిస్తె వచ్చిండు. ముంగట దివాన్ ఏసి పెట్టినం. ఆయన పోయి బంతి కొసకు, విస్తరాకుల చివర, గంగిరెద్దులోళ్ళ పక్కపొంటి కూసున్నడు. భక్ష్యాలు వడ్డించేటోళ్ళు ముంగటోళ్ళకు రెండు, నడుమ ఉన్నోళ్ళకు ఒకటి ఏసుకుంట వచ్చి, ఆయన కాడికి వచ్చేసరికి గంప ఖాళీ. సాబ్ మా ఆయనను పిలిచి, "సేట్, నీ లైన్ల జోరు సరిపోత లేదు, జర చూస్కో" అన్నడు. మా ఆయన ఉరికి పోయి వంటోళ్ళ మీద పడ్డడు. ఆ తర్వాత మా దిక్కు ఎవరింట్ల లగ్గమైనా సాబ్ వస్తున్నడంటె వడ్డించేటోళ్ళు కొస నుంచి మొదలు పెడుతుండిరి.

ఇంకోటి చెప్త, ఎవ్వరు నమ్మరు. కరెంటుకు అంత పెద్ద ఆఫీసరు గదా, ఆయనకు ఉరుములంటె భయం. ఒక వానకాలం మా ఇంట్ల ఉండంగనే ఫెళ్ళుమని ఉరిమింది. సాబ్ రెండు చెవులల్ల వేళ్ళు పెట్టుకోని, కండ్లు మూసుకోని ఏదో చదువుకుంటున్నడు. నేను ఊకుంటనా?

"అదేంది సాబ్, మీ సామానే గదా అది" అన్న.

"నా సామాను తీగలల్ల నేను చెప్పినట్టు ఇంటది సేటమ్మా. అది ఎవ్వరి మాట ఇనది" అన్నడు కండ్లు తెరవకుండనే.

ఇగ తీగ సంగతికి వస్త. మా ఊరికి కరెంటు మంజూరైంది గని బజారు దాకనే. రాగి అంత లడాయికి పోతున్నది, తీగ లేదు అన్నరు. బజారు నుంచి మా గిర్ని దాక రావాలంటె ఇంకా శానా తీగ కావాలె. మా ఆయన అది విని బీడీ తీసి నోట్ల పెట్టుకున్నడు. సాబ్ గొడుగు ఏసుకోని ఎల్లిపోయిండు. ఇగ రాడనుకున్నం.

కొన్నాళ్ళకు హిమాయత్ సాగర్ దిక్కు నుంచి ఎడ్లబండ్లు వచ్చినయి. బండ్ల నిండ రాగి తీగ చుట్టలు. ఆ తీగ కథ మాకు సాబ్ చెప్పలె, ఆయన డ్రైవర్ చెప్పిండు. హిమాయత్ సాగర్ కట్ట మీద మహకమా ఆఫీసర్లకు ఒక బంగళ కడుతున్నరట. ఐతారం నాడు పోయి చేపలు పట్టుకోని, పంకాల కింద పండుకునెటందుకు. ఈ తీగ దానికి మంజూరైన తీగ. ఆ కట్ట మీద చుట్టలు చుట్టలు పడి ఉంటె సాబ్ బండ్లు మాట్లాడి మా ఊరికి తోలిచ్చిండు. ఎవర్ని అడిగిండు? ఎవ్వర్ని అడగలె. అడుగుతె వద్దంటరని ఆయనకు ఎరికె గద.

రైలుపట్టాలు కూడ గట్లనే ఎక్కడనో పాతయి వెతికిచ్చి తెప్పిచ్చిండు. ఆఖరి కంబం మా ఇంటి ముంగట నాటిన్రు. మోటరు బిగించిన్రు. మా గిర్ని మళ్ళ తిరిగింది. ఆనాడు మా ఆయన బీడీ అంటుపెట్టిండు. నేను లోపటికి పోయి ఏడ్సిన, సంతోషంతోటి.

మొదటి పిండి పడంగనే సాబ్ వచ్చి చిటికెడు తీసుకోని బొటనవేలుకు చూపుడువేలుకు నడుమ పెట్టి రుద్దిండు. కండ్లు సగం మూసుకోని, దాన్ని వింటున్నట్టు తలకాయ పక్కకు పెట్టిండు. కరెంటు జోరు తగ్గితె మోటరు మెల్లగ తిరుగుతది, పిండి బరుకుగ పడ్తది అని ఆయన లెక్క. ఆయన కార్ల జోరు చూసే మీటరు పెట్టె ఉండె, డ్రైవర్ దాన్ని మోసుకోని వస్తుండె. సాబ్ ముందు పిండి రుద్ది చెప్తుండె, తర్వాత మీటరు పెట్టి చూస్తుండె. రెండు కలవకపోతె మీటరును తిట్టేటోడు. చెయ్యి షేర్వాణీకి తుడుసుకునేటోడు. ఆ నల్ల షేర్వాణీ కుడి దిక్కు ఎప్పుడు చూసినా తెల్లగ ఉండేది. పట్నంల వాళ్ళ ఆఫీసుల ఎనుకకెళ్ళి పిండి సాబ్ అని నవ్వుతరని డ్రైవర్ చెప్పిండు. ఆయనకు కూడ తెల్సట ఆ సంగతి.

తీగ మాయమైన సంగతి ఎన్ని రోజులు దాగుతది? పెద్ద కుర్చీల ఉన్నాయనకు తెల్సింది. ఆయనను నేను కుర్చీ సాబ్ అంట, లేకపోతె మీకు తికమకైతది. కుర్చీ సాబ్ ఆ యేడు నౌకరీ నుంచి దిగిపోతున్నడు. తర్వాత ఆ కుర్చీ మన సాబ్‌దే అని అందరికి ఎరికె. కుర్చీ సాబ్ రాసిస్తె ఐపోయినట్టే. అట్లాంటి టైముల ఈ తీగ పంచాయతి వచ్చి పడ్డది.

డ్రైవర్ ఒకనాడు ఇంటి జొన్నలు పట్టిచ్చుకోను వచ్చి మెల్లగ చెప్పిండు. "సేటమ్మా, రేపు కుర్చీ సాబ్ మీ ఇంటికొస్తున్నడు. తీగ ఏం చేసినవ్ అని అడుగుతె మా సాబ్, ఆఖరి ఇంట్ల మోటరు పూర్తి జోరు మీద తిరుగుతున్నది, వచ్చి చూడుండ్రి అన్నడు. తిరిగితె సరె. తిరగకపోతె తీగ మొత్తం విప్పి బంగళకు తీస్కపోత, నువ్వు కుర్చీ మాట మర్చిపో అన్నడు ఆయన."

ఆ రాత్రి మాకు అన్నం పోలె. తీగ పోతె గిర్ని పోతది. మళ్ళ ఆ గడప, ఆ అంటియ్యని బీడీ. సాబ్ కుర్చీ కూడ పోతది, అది కూడ మా వల్లనే. మా ఆయన మోటరుకు నూనె పెట్టిండు, బెల్టు పట్టా బిగిచ్చిండు, గిర్ని రాళ్ళకు గాట్లు కొట్టిండు. మేము చెయ్యగలిగింది చేసినం.

మరి ఊరోళ్ళేం చేసిన్రు? సాబ్ మీద ప్రేమ గద. కుర్చీ సాబ్ వస్తున్నడు, మన సాబ్ ఇజ్జత్ నిలబెట్టాలె అనుకున్నరు. అప్పటికి బజారుల, మా గల్లిల, ఇంటికొక చిన్న కరెంటు బుగ్గ ఎలుగుతుండె. షావుకారి పట్నం పోయి పెద్ద పెద్ద బుగ్గలు తెచ్చిండు. పెండ్లిపందిట్ల కట్టే లైట్ల దండలు కిరాయికి తెచ్చిన్రు. మాకు ఎవ్వరు చెప్పలె, మేము మోటరు పరేషాన్ల ఉన్నం. పట్టపగలు, ఎండ నెత్తి మీద ఉండంగ, బజారు నుంచి మా గల్లి దాక ఊరంత లైట్లు ఏసి నిలబడ్డరు.

కుర్చీ సాబ్ కారు దిగి, ఆ లైట్లు చూసుకుంట, సలాములు తీసుకుంట నడుసుకుంట వచ్చిండు. ఎనుక మన సాబ్, గొడుగు ముడుచుకోని. ఆయన మొఖం ఎందుకో మంచిగ లేదు. నాకు అప్పుడు అర్థం కాలె.

మా ఆయన దండం పెట్టి బటన్ నొక్కిండు. మోటరు తిరగలె. ఊఁ అని మూలిగింది. మళ్ళ నొక్కిండు. మళ్ళ మూలిగింది. గిర్నిల నెత్తి మీద ఉన్న బుగ్గ చూస్తె పొయ్యిల ఆరిపోయే నిప్పు లెక్క ఎర్రగ ఉన్నది.

కుర్చీ సాబ్ రుమాలుతోటి ముక్కు మూసుకోని ఉర్దూల అన్నడు, ఇదేనా నీ పూర్తి జోరు అని. ఇంకో మాట కూడ అన్నడు, బంగళ పని మళ్ళ మొదలుపెట్టమని.

మన సాబ్ టోపీ తీసి గోడ మొలకు తగిలిచ్చి, మంచం మీద నిమ్మలంగ కూసున్నడు. బుగ్గ దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు.

"సేటమ్మా, ఊరోళ్ళు నా మీద ప్రేమతోటి నన్ను సంపుతున్నరు. జర పోయి ఆ ప్రేమ బంద్ చెయ్యమను" అన్నడు తెలుగుల.

అప్పుడు తెలిసింది నాకు. ఆ తీగల ఉన్న బలమంత ముంగటి ఇండ్లల్ల, పందిరి దండలల్లనే అయిపోతున్నది. మా దాక వచ్చేది ఏమున్నది? కొంగు బిగిచ్చి గల్లిల పడ్డ. ఇంటింటికి పోయి "బంద్ చెయ్యుండ్రి, బంద్ చెయ్యుండ్రి" అని అరుసుడే. ఒక ముసలామె వాకిట్ల అడ్డం నిలబడ్డది. "ఇప్పుడే ఏసినం, సాబ్ ఇటు దిక్కు మంచిగ చూడనే లేదు" అన్నది. "నువ్వు ఆర్పకపోతె సాబ్ ఇగ ఎటు దిక్కు చూడడు" అని నేనే లోపటికి పోయి బుగ్గ ఊడపీకిన, చెయ్యి కాలింది. షావుకారి ముందు ఇనలె. వాని అంగి పట్టుకోని చెప్పిన. ఊర్ల కోడలు షావుకారి అంగి పట్టుకుంటదా? ఆనాడు పట్టుకున్న.

బజారుల దండలు ఆరిపోయినయి. నేను అక్కడ సడక్ నడుమ నిలబడి ఊపిరి పీల్చుకుంటుంటె, అటు చివరకెళ్ళి మా గిర్ని చప్పుడు వచ్చింది. ముందు మెల్లగ, తర్వాత జోరుగ. ఆ చప్పుడు నేను రోజు విసుక్కునేదాన్ని, తలకాయ నొస్తది అని. ఆనాడు మాత్రం సడక్ మీద నిలబడి, అందరు చూస్తుండంగ, కండ్లు తుడుసుకున్న.

నేను ఇంటికొచ్చేసరికి గిర్ని నిండ పిండి పొగ. కుర్చీ సాబ్ దగ్గుతున్నడు, ఆయన షేర్వాణీ కూడ తెల్లగైంది. మన సాబ్ చిటికెడు పిండి తీసి రుద్దిండు. ఇంకో చిటికెడు తీసి కుర్చీ సాబ్ అరచేతిల పెట్టి, మీరు కూడ జర రుద్ది చూడుండ్రి అన్నడు. అంత పెద్దాయన అక్కడ నిలబడి పిండి రుద్దిండు. తీగ ఉండని అన్నడు. కారెక్కి పోయిండు.

తీగ ఉన్నది. కుర్చీ మాత్రం మన సాబ్‌కు రాలె. ఇంకో ఆయనను తెచ్చి కూసుండబెట్టిన్రు. మోటరు తిరిగితె తిరిగింది, అడగకుండ తీగ ఎట్ల తీస్కపోతడు అన్నరట. డ్రైవర్ వచ్చి చెప్పిన నాడు నాకు మండిపోయింది. సాబ్ మళ్ళ వచ్చి మంచం మీద కూసున్నంక రొట్టె పెట్టుకుంట అనేసిన.

"మీకు సిగ్గు లేదు సాబ్. మీ కుర్చీ తీసి వేరేటోనికి ఇస్తె మీరు ఇక్కడ కూసోని ఎల్లిపాయ కారం నంజుకుంటున్నరు."

మా ఆయన బిత్తరపోయిండు. సాబ్ ముద్ద మింగి నిమ్మలంగ చెప్పిండు.

"రెండు అడిగిన సేటమ్మా, తీగ ఒకటి, కుర్చీ ఒకటి. ఒకటి ఇచ్చిన్రు. రెండిట్ల నాకు ఎక్కువ కావాల్సింది అదే. ఇంకో రొట్టె ఉన్నదా?"

ఆయన అబద్ధం ఆడుతున్నడేమో అని నేను మొఖం మంచిగ చూసిన. లేదు. నిజంగనే ఆకలి మీద ఉన్నడు.

ఆ రోజు నుంచి మా గల్లిల ఒక అలవాటు పడ్డది. ఎవ్వరు పెట్టిన కట్టు కాదు. పొద్దూకినంక మా గిర్ని నడిచిందంటె అందరు బుగ్గలు ఆర్పుకునేటోళ్ళు. గిర్ని ఆగినంక మళ్ళ ఏసుకునేటోళ్ళు. అందరి పిండి గిర్నిలనే గదా పడేది, అందరికి సరిపోయింది. మాకు దాంట్ల బాధేం కనిపించలె. చీకట్ల అరుగుల మీద కూసోని ముచ్చట్లు పెట్టుకునేటోళ్ళం. సాబ్ ఒకసారి సాయంత్రం వచ్చి అది చూసిండు. మొదటిసారి ఆయన మొఖం చిన్నగైంది.

"ఒక్క మోటరు తిరిగెటందుకు ఇంత మంది చీకట్ల కూసునుడేంది? నాకు సిగ్గయితున్నది సేట్. దీన్ని నేను సరిచేస్త" అన్నడు.

ఎట్ల చేస్తడు? కుర్చీ ఇంకోళ్ళ చేతిల ఉన్నది. ఏండ్లు గడిచినయి. లడాయి ఐపోయింది. ఇక్కడ మన రాజ్యంల గడబిడ మొదలైంది, తోవలు బంద్, మనుషులకు మనుషులంటె అనుమానం. ఆ రోజుల్ల కూడ ఆయన వీలైనప్పుడు అత్తాపూర్ మీదికెళ్ళి వచ్చి పోయేటోడు, పిండి రుద్ది పోయేటోడు. నవాబు రాజ్యం పోయి కొత్త సర్కారు వచ్చింది. పెద్ద కుర్చీల ఉన్నాయన ఎటో ఎల్లిపోయిండు. అప్పుడు గుర్తొచ్చిండు మన సాబ్. నౌకరీ ఇంకా కొన్నాళ్ళే ఉన్నదనంగ తెచ్చి కుర్చీల కూసుండబెట్టిన్రు.

కుర్చీ ఎక్కినంక వచ్చిన కారు మస్తు పెద్దది. మా గల్లిల పట్టలె. మళ్ళ నడుసుకుంటనే వచ్చిండు. వెంటనే పని మొదలుపెట్టిచ్చిండు. బజారు నుంచి మా ఆఖరి కంబం దాక ఇంకో తీగ గుంజిండు, లావు తీగ. మా గిర్నికి వేరే, ఇండ్లకు వేరే. ఈసారి అడిగే తెచ్చిండు. అడిగేది తననే గద, ఇంకెవర్ని అడుగుతడు.

ఇగ ఆఖరిసారి వచ్చిన సంగతి. అది ఆయన నౌకరీ దిగిపోయిన రోజు. పట్నంల ఆయనకు పూలదండలు ఏసి సభ చేసిన్రట. సభ కాంగనే దండ మెడల ఉండంగనే కార్ల కూసోని మా ఊరికొచ్చిండు. వస్తున్నడని డ్రైవర్ పొద్దున్నే కబురు పంపిండు. అప్పుడు పొద్దూకుతున్నది. చేన్లల్లకెళ్ళి పశువులు ఇంటికొస్తున్నయి.

ఊరోళ్ళకు పాత సంగతి యాదికున్నది. లైట్లేసి సాబ్‌ను సంపబోయిన సంగతి ఎవ్వరు మర్చిపోలె. ఎవరు ముందు అనుకున్నరో తెల్వది, సాబ్ కారు సడక్ మీద ఆగిందనంగనే బజారు నుంచి మా ఇంటి దాక అందరు బుగ్గలు ఆర్పేసిన్రు. చిమ్మచీకటి కాదు గని, మసక. ఆడోళ్ళు, మగోళ్ళు అరుగుల మీద లేచి నిలబడ్డరు. ఆయన నడుమలకెళ్ళి నడుసుకుంట వస్తున్నడు. ఊరు మొత్తంల ఒక్క మా గిర్ని బుగ్గ ఎలుగుతున్నది. మోటరు జోరు మీద తిరుగుతున్నది.

సాబ్ గడపల ఆగి ఎనుకకు తిరిగి చూసిండు.

"ఎందుకు ఆర్పిన్రు?" అన్నడు.

"మీ కోసమే సాబ్" అన్న.

ఆయన గడప మీదనే నిలబడి లేని కోపం తెచ్చుకున్నడు. "పిచ్చోళ్ళారా. ఇన్నేండ్లకు ఆ రెండో తీగ ఎందుకు గుంజిన నేను? ఇగ మీరు ఆర్పే పని లేదనే గదా. నా ఆఖరి రోజున నాకు చీకటి చూపిస్తరా?"

మంచం మీద కూసున్నడు. టోపీ తీసి అదే మొలకు తగిలిచ్చిండు. మెడలకెళ్ళి దండ తీసి నా చేతికిచ్చిండు.

"సేట్, గిర్ని ఆపకు. గిర్ని మీది డబ్బాల ఇంకిన్ని జొన్నలు పొయ్యి. సేటమ్మా, నువ్వు పోయి అందర్ని ఏసుకోమను. అప్పుడు ప్రేమ బంద్ చెయ్యమన్న గదా, ఇప్పుడు ఆ ప్రేమ చూపియ్యమను. ఒక్క ఇల్లు కూడ విడువొద్దు" అన్నడు.

నేను వాకిట్లకు వచ్చి చెప్పిన. మా పక్కింటి బుగ్గ ఎలిగింది. దాని పక్కది. అటు పక్కది. గట్ల ఒకటెనుక ఒకటి బజారు దాక పోయినయి. బజారుల షావుకారి ఎప్పుడో లైట్ల దండ ఒకటి కొని దాచిపెట్టుకున్నడట, అది కూడ ఏసిండు. ఊరంత ఎలుగు. నేను ఉరికి లోపటికి వచ్చిన. సాబ్ బయటికి చూస్త లేడు. తలకాయ ఎత్తి మా గిర్ని బుగ్గనే చూస్తున్నడు, రెప్ప కొట్టకుండ. అది జరంత కూడ మసకబారలె. మోటరు చప్పుడు మారలె. చిటికెడు పిండి తీసి రుద్దిండు, తలకాయ పక్కకు పెట్టి. షేర్వాణీకి తుడుసుకున్నడు.

"సన్నగ పడ్తున్నది. ఇగ రొట్టె పెట్టు సేటమ్మా" అన్నడు.

ఆ తర్వాత ఆయన పాతపట్నంల తన ఇంట్లనే పోయిండని కబురొచ్చింది. నేను, మా ఆయన పోయి వచ్చినం. వాకిట్ల పెద్దపెద్దోళ్ళు కుర్చీలల్ల కూసున్నరు. మేము ఆఖర్ల కూసున్నం.

మొన్న ఆ రైలుపట్టా కంబం క్రేనుకు కూడ పొద్దూకే దాక లొంగలె. ఆఖరికి భూమి మట్టానికి కోసి తీసిన్రు. కింది ముక్క ఇంకా భూమిలనే ఉన్నది, ఉండని. పక్కకు సిమెంటు కంబం నాటి తీగలు కలిపిన్రు. లైన్‌మన్ చేతులు దులుపుకోని, "అవ్వా, కరెంటు వచ్చింది, ఒకపారి మీ గిర్ని ఏసి చూస్కోండ్రి, మేము పోతం" అన్నడు. మా మనుమడు బటన్ నొక్కిండు. మోటరు తిరిగింది. అందరు బండెక్కబోయిన్రు.

"ఆగు బిడ్డా, గప్పుడే ఏడికి పోతవ్" అన్న. "ముందు గల్లి మొత్తం లైట్లు ఏసుకోమను. ఏసినంక నువ్వు వచ్చి ఈ మంచం మీద కూసో. ఆకలైతె రొట్టె పెడ్త."